పాత బండి బ్రేక్ పైపుకు తుప్పు: కుప్రోనికెల్ చుట్ట, ఉక్కు పైపు, రెడీమేడ్ లైను... ఏది కొనాలి, ఎప్పుడు మార్చాలి

ఇక్కడ బేరీజు వేస్తున్నది మూడు సరుకుల్ని, ఒక పనితనాన్ని. సరుకులు: స్పేర్స్ అంగట్లో అడుగుల లెక్కన అమ్మే ఉక్కు బ్రేక్ పైపు, కంపెనీ వాళ్ళే వంచి నట్లు వేసి ఇచ్చే రెడీమేడ్ లైను, ఆన్‌లైన్‌లో 25 అడుగుల చుట్టగా దొరికే కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిపిన లోహం) పైపు. పనితనం: కర్నూలు, అనంతపురం, కడప షెడ్లలో ఈ పైపు మార్చే తీరు. బళ్ళు: మారుతీ 800, ఓమ్నీ, అంబాసిడర్, సుమో, క్వాలిస్, పాత బొలెరో, టాటా ఏస్. 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. అంబాసిడర్ అదే ఏడు మేలో, క్వాలిస్ 2005లోనే, ఓమ్నీ 2019లో ఆగిపోయాయి. వీటిలో చాలా బళ్ళ కింద ఇప్పటికీ ఫ్యాక్టరీలో బిగించిన పైపే ఉంది. గాలి బ్రేకుల లారీలు, బస్సులు ఈ లెక్కలోకి రావు, వాటి కత వేరు.

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకు తేలిక. మీ మోడల్‌కు కంపెనీ రెడీమేడ్ లైను దొరికితే, ఇంకేం ఆలోచించకుండా అదే కొనండి. దొరకని బండికి, ముఖ్యంగా వెనక ఇరుసు వైపు పొడవాటి లైన్లకు, కుప్రోనికెల్ చుట్ట పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. అడుగుల లెక్కన అమ్మే ఉక్కు పైపు మంచి సరుకే గానీ, మన దగ్గర చాలా షెడ్లలో ఉండే చేతి టూలుతో దాని మూతి (నట్టు కింద లీకు లేకుండా కూర్చునేలా మడిచే కొస, ఫ్లేర్) సరిగ్గా రాదు. ఇక ఫ్రిజ్ రాగి పైపు, ఇత్తడి అతుకు, హోసు ముక్క క్లాంపు అనే మూడింటినీ బండి దగ్గరికి రానివ్వకండి.

తుప్పు మన ఎండల్లో కూడానా?

మంచు పడే దేశాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, పైపులు తినేస్తుందది. అమెరికాలో 1999 నుంచి 2003 మోడల్ వరకు ఉన్న జనరల్ మోటార్స్ పెద్ద బళ్ళ బ్రేక్ పైపుల మీద అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఏళ్ళ తరబడి విచారణ చేసి 2015లో ముగించింది. రీకాల్ లేదు గానీ, పాత బళ్ళవాళ్ళు కింది భాగం కడిగించుకోవాలి, పైపులు చూపించుకోవాలి అని హెచ్చరిక ఇచ్చింది. మన దగ్గర రోడ్డు మీద ఉప్పు లేదు. అనంతపురంలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల దరిదాపే. అందుకే ఇక్కడి మెకానిక్కులు పైపు వైపు చూడరు. ఆ ధీమా కొన్ని బళ్ళకు చెల్లుతుంది, కొన్నింటికి చెల్లదు.

చెల్లనివి ఏవంటే, మొదట ఎరువుల బళ్ళు. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, ఇనుముకు సంబంధించినంతవరకు ఉప్పుకు తమ్ముడే. చిరిగిన సంచిలోంచి రాలిన పొడి ఏస్ తొట్టి సందుల్లోంచి ఛాసిస్ మీద పడుతుంది, మొదటి చినుకుకు కరుగుతుంది, పైపు క్లిప్పుల్లోకి దిగుతుంది. రెండోది గొర్రెలు, మేకలు సంతకు తోలే పికప్పులు. మూత్రం కారేది సరిగ్గా వెనక ఇరుసు మీద పైపు వెళ్ళే చోటికే. మూడోది ఉప్పునీటి బోరుతో రోజూ కడిగే బళ్ళు. బోరు నీళ్ళు ఆరాక బానెట్ మీద తెల్లటి మరకలు మిగులుతున్నాయంటే అదే తెలుపు కింద పైపు మీదా పేరుకుంటోంది. పైగా అక్కడ గుడ్డ పెట్టి తుడిచేవాళ్ళు ఉండరు.

నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు తిరిగే బళ్ళకు నల్లరేగడి మట్టి అదనపు కష్టం. రేగడి ఒకసారి క్లిప్పులో ఇరుక్కుంటే వానాకాలం మొత్తం తేమను పట్టుకుని కూర్చుంటుంది. పైపు పైకి కళకళలాడుతూ కనబడుతుంది, క్లిప్పు కింద మాత్రం కుళ్ళిపోతుంది. ఇవి కాక, చెన్నై, నెల్లూరు, విశాఖ నుంచి సెకండ్ హ్యాండ్‌లో వచ్చే బళ్ళు సముద్రపు గాలి తిని వస్తాయి. వరదలో మునిగిన బళ్ళ సంగతీ అంతే. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు, 2021 నవంబరులో చెయ్యేరు పొంగినప్పుడు ఒండ్రులో పడివున్న బళ్ళు ఇంజను పని చేయించుకుని తర్వాత చేతులు మారాయి. సీట్లు, వైరింగు చూసి కొనేవాళ్ళు బాక్స్ సెక్షన్ల లోపలి మట్టిని చూడరు.

ఎప్పుడు మార్చాలి

పాత బళ్ళలో మామూలు బ్రేక్ పైపు బయటి కొలత 4.75 మిల్లీమీటర్లు, అంటే 3/16 అంగుళం. గోడ మందం దాదాపు 0.7 మిల్లీమీటర్లు. సన్నటి ఉక్కు రేకును రెండు చుట్లు చుట్టి, పొరల మధ్య రాగి కరిగించి అతికిస్తారు, పైన జింక్ లేదా ప్లాస్టిక్ పూత వేస్తారు. ఈ గోడ మందం అంకె గుర్తుంచుకుంటే తర్వాత చెప్పేదంతా అర్థమవుతుంది. 0.3 మిల్లీమీటర్ల గుంట అంటే చూపుకు చిన్న చుక్క, పైపుకు మాత్రం సగం గోడ పోయినట్టు.

చూడాల్సిన పద్ధతి ఇది. బండిని ర్యాంపు మీదో పిట్టు మీదో పెట్టండి. జాకీ ఒక్కదాని మీద లేపి కిందికి దూరొద్దు, స్టాండ్లు ఉండాల్సిందే. తడిగుడ్డతో మట్టి తుడవండి. ఆ తర్వాత ప్రతి క్లిప్పూ తెరవండి. క్లిప్పు తెరవకుండా "పైపు బాగుంది" అన్న మాటను లెక్కలోకి తీసుకోవద్దు. ఎక్కువ పోయేది ఎక్కడంటే: డీజిల్ లేదా పెట్రోలు ట్యాంకు పైన, వెనక ఇరుసు మీద, వెనక చక్రాల గూడులో, పైపు ఛాసిస్ సందులోంచి బయటికి వచ్చే చోట, హోసుతో కలిసే బ్రాకెట్ దగ్గర. బ్యాటరీ ఛాసిస్ పక్కన ఉండే చిన్న గూడ్సు బళ్ళలో దాని కింద వెళ్ళే పైపును యాసిడ్ తింటుంది, అక్కడ ప్రత్యేకంగా చూడాలి. ఇంజను గదిలోని పైపులు నూనె జిడ్డు వల్ల, వేడికి ఎప్పుడూ పొడిగా ఉండటం వల్ల మామూలుగా బాగానే ఉంటాయి. అందుకే "మొత్తం సెట్టు మార్చాలి" అని షెడ్డు చెబితే ముందువైపు పైపులు ఎందుకో చూపించమనండి. మన ప్రాంతపు బళ్ళలో చాలావాటికి వెనకవి మారిస్తే సరిపోతుందని అనుభవజ్ఞులు అంటారు గానీ, ఆ మాట కంటే కళ్ళతో చూసిందే నమ్మండి.

తుప్పును గోరుతో, స్కాచ్‌బ్రైట్‌తో పరీక్షించాలి. ఎమరీ వద్దు, అది మిగిలిన పూతను కూడా తీసేస్తుంది. తుడిస్తే గోధుమ రంగు పోయి కింద నున్నటి లోహం కనబడితే అది పైపై తుప్పు. దానికి జింక్ ప్రైమర్ కొట్టి, ఆరాక క్లిప్పు దగ్గర కాస్త గ్రీజు లేదా మైనం పూత రాసి ఆరు నెలలకు మళ్ళీ చూడండి. పూత బొబ్బలెక్కి, గోరు తగిలే గుంటలు ఉంటే పైపు ఆయుష్షు అయిపోయింది. అప్పుడు ఇంకో సీజను చూద్దామనే ప్రశ్నే లేదు, ఆ వారమే పని పెట్టుకోవాలి. పొలుసులు రాలుతున్నా, పైపు అసలు కొలత కంటే లావెక్కి కనబడుతున్నా, చుట్టూ మట్టి తడిగా నల్లబడి ఉన్నా బండిని కదపకండి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టే పైపు లావెక్కుతుంది, అంటే లోపల అసలు లోహం మిగిలింది కొంచెమే.

"బ్రేకు బాగానే పడతాంది కదన్నా" అనే మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఊళ్ళో మెల్లగా తొక్కే బ్రేకుకు లైనులో ఒత్తిడి కొద్దిగానే ఉంటుంది, ఎదురుగా ఎద్దు వచ్చినప్పుడు బలంగా తొక్కే బ్రేకుకు అది ఎన్నో రెట్లు పెరిగి 100 బార్ దాకా వెళ్ళొచ్చు. సగం గోడ పోయిన పైపు మొదటి రకాన్ని నెలల తరబడి తట్టుకుంటుంది, రెండో రకానికి ఒక్కసారికే చీలుతుంది. 800 లాంటి ముందు చక్రాల డ్రైవ్ కార్లలో లైన్లు మూలకు మూలగా ఉంటాయి కాబట్టి ఒకటి చీలినా ఒక ముందు చక్రం, ఒక వెనక చక్రం మిగులుతాయి. పెడల్ మాత్రం చాలా కిందికి పోతుంది, బండి ఆగే దూరం బాగా పెరుగుతుంది, స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది.

ఇంటి దగ్గరే చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. బండి నిలబెట్టి, ఇంజను నడుస్తుండగా పెడల్‌ను బలంగా తొక్కి అర నిమిషం పట్టుకోండి. ఇది రోడ్డు మీద కాదు, ఇంటి ముందే చేయాలి. పగిలేదైతే అక్కడే పగలనివ్వండి. పెడల్ మెల్లగా దిగుతూ బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గుతుంటే ఎక్కడో కారుతోంది. పెడల్ దిగుతున్నా ఆయిల్ మట్టం అలాగే ఉంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే లైన్లలో ఒత్తిడి పుట్టించేది) లోపలి రబ్బర్లు పోయాయి. ఈ రెండింటికీ తేడా తెలియక మంచి మాస్టర్ సిలిండర్లు మార్చేసిన షెడ్లున్నాయి. సర్వో (పెడల్ తొక్కే బలాన్ని పెంచే పరికరం) ఉన్న బండిలో ఇంజను స్టార్ట్ చేయగానే పెడల్ కొంచెం దిగి ఆగడం సహజం, దానికి భయపడొద్దు.

ఎల్లో బోర్డు బళ్ళకు ఎనిమిదేళ్ళు దాటాక ఏటా ఫిట్‌నెస్ తప్పదు, సొంత కార్లకు 15 ఏళ్ళు నిండాక ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్. ఆ తేదీకి నెల ముందు ఈ క్లిప్పుల తనిఖీ పెట్టుకోండి. ముందు రోజు పెట్టుకుంటే జరిగేది అతుకే.

మూడు పైపులు

రెడీమేడ్ లైను గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. వంపులు, మూతి, నట్టు అన్నీ ఫ్యాక్టరీవి. బిగించి ఆయిల్ నింపడమే పని. మారుతీ బళ్ళకు ఇంకా దొరుకుతోంది, అంగట్లో లేకపోతే పార్ట్ నంబరు చెప్పి తెప్పించుకోవాలి. పొడవాటి లైను పార్సిలులో మెలిపడి వస్తుంది, అందుకే విప్పేటప్పుడే చూసుకోవాలి. నొక్కుకుపోయి చదునుగా ఉన్న చోటు కనబడితే వెనక్కి పంపండి, చేత్తో గుండ్రంగా చేయబోకండి.

అడుగుల లెక్కన దొరికే ఉక్కు పైపు గట్టిది, రాళ్ళ దెబ్బకు ఓర్చుకుంటుంది, ధర తక్కువ. చిక్కంతా మూతి దగ్గర. రెండు పొరల ఉక్కును రెండుసార్లు మడిచి మూతి చేయాలంటే గట్టి టూలు కావాలి. షెడ్లలో ఉండే చేతి టూలు, అంటే బార్ క్లాంపు టూలులో పైపు జారుతుంది, మూతి ఒక పక్కకు వంకర వస్తుంది, లేదా అంచున సన్నటి చీలిక వస్తుంది. కత్తిరించిన చోట, మూతి దగ్గర పూత పోతుంది కాబట్టి కొత్త పైపుకు కూడా తుప్పు అక్కడే మొదలవుతుంది. హైడ్రాలిక్ ఫ్లేరింగ్ టూలు ఉన్న షెడ్డు దొరికితే ఉక్కు పైపు వేయించుకోవడానికి అభ్యంతరమే లేదు. స్టెయిన్‌లెస్ పైపు అంటూ అమ్మేది చేతి టూలుకు అసలు లొంగదు, దాని జోలికి పోకండి.

ఇక కుప్రోనికెల్. 90 పాళ్ళు రాగి, 10 పాళ్ళు నికెల్, కొంచెం ఇనుము, మాంగనీసు. వోల్వో 1970లలోనే తన కార్లకు దీన్ని వాడటం మొదలుపెట్టింది, తర్వాత ఆడి, పోర్షే కూడా వాడాయి. దీనికంటూ ఎస్‌ఏఈ జె1650 అనే ప్రమాణం ఉంది. చుట్ట పెట్టె మీద ఆ అంకె ఉందో లేదో చూసుకోండి. మేలు మూడు. ఎరువు, ఉప్పునీళ్ళు, మూత్రం దీన్ని ఉక్కును తిన్నట్టు తినలేవు. చేత్తో, పెద్ద సాకెట్ చుట్టూ తిప్పి వంచుకోవచ్చు. వంపు వ్యాసార్థం 15 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూస్తే పైపు నొక్కుకుపోదు. మామూలు చేతి టూలుతో కూడా మూతి చక్కగా వస్తుంది, ఈ మూడోదే మన షెడ్లకు అసలు లాభం.

లోట్లూ ఉన్నాయి. ఉక్కు కంటే బాగా ఖరీదు. మెత్తన కాబట్టి రాళ్ళ దెబ్బకు సొట్ట పడుతుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి చుట్టుపక్కల నాపరాయి క్వారీల దారుల్లో తిరిగే బళ్ళకు వెనక చక్రాల గూడులో ఈ పైపు మీద స్ప్రింగు తొడుగు వేయాల్సిందే. తొడుగును నట్టు కంటే ముందే ఎక్కించాలి, తర్వాత ఎక్కదు. ఇంకోటి, క్లిప్పుల మధ్య దూరం 30 సెంటీమీటర్లు దాటితే వణుకుతుంది, వణికితే అలసి పగులుతుంది. పాత క్లిప్పులు విరిగిపోతే రబ్బరు పొదిగిన కొత్తవి కొనండి. ఉత్త ఇనుము క్లిప్పులో బిగిస్తే తేమ చేరినప్పుడు రెండు లోహాల మధ్య తుప్పు పుడుతుంది, ఈసారి నష్టపోయేది ఛాసిస్.

చుట్టతో వచ్చే నట్ల సంచిని మాత్రం నమ్మకండి. అందులో సగం అంగుళాల మరవి. మారుతీ బళ్ళకు కావలసింది 10 మిల్లీమీటర్ల మర, ఒక మిల్లీమీటరు పిచ్. అంబాసిడర్, పాత జీపులకు అంగుళాల మర. మిల్లీమీటర్ల మరకూ 3/8 అంగుళం మరకూ చూపుకు తేడా తెలియదు, బలవంతంగా తిప్పితే రెండు చుట్లు ఎక్కి వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేకును నొక్కే సిలిండర్) మర పాడుచేస్తుంది. కొత్త నట్టును పైపు లేకుండా చేత్తో సిలిండర్‌లోకి చివరిదాకా తిప్పి చూడండి. వేళ్ళతో తిరగకపోతే అది ఆ నట్టు కాదు.

ఫ్రిజ్ రాగి పైపు దీనికి ప్రత్యామ్నాయం అని అంగట్లో చెబుతారు. కాదు. ఉత్త రాగి వణుకుకు కొద్దికొద్దిగా గట్టిపడి పెళుసవుతుంది, మూతి మొదట్లో పగులుతుంది. అనుమానం వస్తే కత్తితో గీకి చూడండి: ఉత్త రాగి ఎర్రగా మెరుస్తుంది, కుప్రోనికెల్ పాలిపోయిన గులాబీ-బూడిద రంగులో ఉంటుంది. అయస్కాంతం ఈ రెండింటికీ అంటదు కాబట్టి ఆ పరీక్ష పనికిరాదు.

మూతి సరిగ్గా వస్తేనే

పైపు ఏ లోహమైనా లీకు వచ్చేది మూతి దగ్గరే. మారుతీ లాంటి జపాన్ పద్ధతి బళ్ళకు, అంబాసిడర్, జీపులకు కావలసింది లోపలికి మడిచిన డబుల్ ఫ్లేర్. యూరప్ పద్ధతి బళ్ళకు బుడగ ఆకారపు బబుల్ ఫ్లేర్ ఉంటుంది. ఒకదాని చోట ఇంకోటి పెడితే బిగిసినట్టే ఉండి ఒత్తిడికి చెమ్మ దిగుతుంది. పాత పైపు మూతి కోసి దగ్గర పెట్టుకుని, దాన్ని చూస్తూ కొత్తది చేయండి. పాత పైపును పారేయడం అన్ని పనులూ అయ్యాకే.

ఊడదీయడంలోనే సగం నష్టం జరుగుతుంది. ముందు రోజు రాత్రే నట్ల మీద డబ్ల్యూడీ-40 లాంటిది కొట్టి ఉంచండి. 10 నంబరు మామూలు స్పానర్‌తో తిప్పితే నట్టు మూలలు గుండ్రమవుతాయి, చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ స్పానర్ వాడాలి. నట్టు పైపును కరుచుకుని రెండూ కలిసి తిరుగుతుంటే పైపు మెలిపడుతుంది. ఎలాగూ మార్చేదే కాబట్టి నట్టు పక్కనే పైపు కోసేసి ఆరు మూలల సాకెట్‌తో విప్పండి, గొడవ ఉండదు. గాలి తీసే బ్లీడింగ్ నిప్పిల్‌ను మాత్రం బలవంతం చేయొద్దు. అది విరిగితే వీల్ సిలిండర్ పోయినట్టే. పాత బండికి ఒక జత వెనక సిలిండర్ల ఖర్చు ముందే లెక్కలో వేసుకోవడం తెలివి.

కొలతకు బైండింగ్ తీగ వాడండి. పాత పైపు వెంబడి అన్ని వంపులూ తిప్పి, చాచి కొలిచి, 15 సెంటీమీటర్లు కలపండి. మాస్టర్ సిలిండర్ దగ్గర పాత పైపు గుండ్రంగా చుట్టు తిరిగి ఉంటే కొత్తదానికీ ఆ చుట్టు పెట్టాలి. ఇంజను వణుకును మింగడానికే అది, పొడవు ఎక్కువై చుట్టింది కాదు. చిన్న కారు వెనక లైన్లకు ఒక 25 అడుగుల చుట్ట మామూలుగా సరిపోతుంది.

కోయడానికి చిన్న పైపు కట్టరు వాడాలి. హాక్సా బ్లేడు పొడి లోపలికి పోయి వీల్ సిలిండర్ రబ్బరును గీస్తుంది. కట్టరును కొంచెం కొంచెంగా బిగిస్తూ తిప్పాలి, ఒక్కసారే బిగిస్తే పైపు మూతి లోపలికి ముడుచుకుంటుంది. కోసిన అంచు లోపలా బయటా గరుకు తీసి, గాలి కొట్టి శుభ్రం చేయాలి. ఇప్పుడే నట్లు ఎక్కించండి, రెండు కొసలకూ, మర వైపు మూతికి ఉండేలా. మూతి చేశాక నట్టు గుర్తొస్తే కోసి మళ్ళీ చేయడం తప్ప దారి లేదు. పైపును టూలులో బిగించి, డై (మూతిని మడిచే అచ్చు) గడప ఎత్తు ఎంత ఉందో అంతే బయటికి ఉంచండి. తక్కువైతే మడత పూర్తిగా రాదు, ఎక్కువైతే అంచు ఒరుగుతుంది. డై ముఖానికి చుక్క బ్రేక్ ఆయిల్ రాసి, డై పెట్టి అడుగుదాకా దించి, డై తీసి, శంకువుతో రెండో మడత నొక్కాలి. వచ్చిన మూతి చుట్టూ ఒకే వెడల్పుతో ఉండాలి. భూతద్దంతో చీలిక ఉందేమో చూడండి. చుట్టలోంచి ఒక జానెడు ముక్క కోసి మూడు నాలుగు మూతులు అలవాటుకు చేసి, తర్వాత అసలు పైపు మీద చేయి వేయండి.

బిగింపు సుజుకీ మాన్యువల్ ప్రకారం 16 న్యూటన్ మీటర్లు. చేత్తో మొత్తం తిప్పాక చిన్న స్పానర్‌తో గట్టిగా ఒక బిగింపు, అంతే. లీకు వస్తే ఇంకా ఇంకా బిగించడం మన షెడ్ల అలవాటు. కుప్రోనికెల్ మూతి అలా నలిగి పలచబడిపోతుంది. లీకు ఉంటే విప్పి, మళ్ళీ కూర్చోబెట్టి ఒకసారి బిగించండి. అప్పటికీ ఆగకపోతే మూతి కోసి కొత్తది చేయండి.

వెనక హోసులు పాతవైతే ఇదే పనిలో మార్చేయండి. తుప్పు పట్టిన నట్టును హోసు మీంచి విప్పేటప్పుడు హోసు మెలిపడి లోపలి పొర చినుగుతుంది, బయటికి కనబడదు. తర్వాత చక్రం పట్టేసి వదలకపోతే కారణం అదే.

మన షెడ్ల పనితనం

కర్నూలు బళ్ళారి చౌరస్తా వైపు గానీ, అనంతపురం, కడపల్లో గానీ బ్రేకు పనికి చేతివాటం ఉన్న మేస్త్రీలు కరువు లేదు. లైనర్లు, డ్రమ్ము తిరుగుడు, సిలిండర్ కిట్లు బాగా చేస్తారు. పైపు దగ్గరికి వచ్చేసరికి మార్కులు తగ్గుతాయి. "ఏం గాదులేన్నా, అతుకేస్తే పదేండ్లు వస్తాది" అన్న మాట వింటే బండి తాళం చేతిలోకి తీసుకోండి. ఇత్తడి వెల్డింగు మంటకు చుట్టూ పూత కాలుతుంది, అతుకు నిలిచినా పక్కన తుప్పు తిరిగి మొదలవుతుంది. డీజిల్ హోసు ముక్క పెట్టి క్లాంపులు బిగించడం ఇంకా ఘోరం. ఆ హోసు బ్రేకు ఒత్తిడికి చేసింది కాదు, బ్రేక్ ఆయిల్‌కు ఉబ్బుతుంది కూడా. అన్నిటికంటే ప్రమాదం, చీలిన లైనును మడిచి నొక్కి మూడు చక్రాల బ్రేకుతో బండి ఇచ్చేయడం. తడి రోడ్డు మీద అది ఒక పక్కకు తిరుగుతుంది.

షెడ్డుకు ఇచ్చే ముందు అడగాల్సినవి నాలుగే: ఫ్లేర్ నట్ స్పానర్ ఉందా, డబుల్ ఫ్లేర్ టూలు చూపిస్తారా, కొత్త నట్లు వేస్తారా, పాత పైపు నాకు ఇస్తారా. మూడోదానికి తటపటాయించినా పర్లేదు, నట్లు మీరే తీసుకెళ్ళండి. రెండోదానికి లేదంటే వేరే షెడ్డు చూసుకోండి. సిలిండర్ విప్పితే పెట్రోలుతోనో కిరసనాయిలుతోనో కడగొద్దని కూడా చెప్పండి, రబ్బర్లు ఉబ్బిపోతాయి. బ్రేక్ క్లీనరో కొత్త బ్రేక్ ఆయిలో చాలు.

ఆయిల్, గాలి తీయడం

డబ్బా మూత మీద ఏది రాసి ఉంటే అదే పోయండి. పాత బళ్ళకు డాట్ 3, కొన్నింటికి డాట్ 4. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు మరిగేది కనీసం 205 డిగ్రీల దగ్గర, తేమ పీల్చాక 140. డాట్ 4కు అవే 230, 155. డాట్ 3 బండికి డాట్ 4 పోయొచ్చు. డాట్ 5 సిలికాన్ రకం, దేనితోనూ కలపకూడదు. పైపు మార్చిన చిన్న కారుకు మొత్తం కొత్త ఆయిల్ ఎక్కించడానికి ఒక లీటరు పెట్టుకోండి. బండి పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళు పోయాలి, లేదంటే రంగు ఊడుతుంది.

మాస్టర్ సిలిండర్‌కు ఎక్కువ దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మన స్టీరింగు కుడివైపు కాబట్టి అది వెనక ఎడమ చక్రం. డబ్బాలో ఆయిల్ అడుగంటితే మొత్తం మళ్ళీ మొదటికి వస్తుంది. పాత బండిలో పెడల్‌ను పదే పదే నేలదాకా తొక్కితే మాస్టర్ సిలిండర్ రబ్బర్లు ఇన్నాళ్ళూ తిరగని తుప్పు భాగం మీద రాసుకుని చినుగుతాయి, పెడల్ కింద చెక్క ముక్క పెట్టి సగానికి ఆపండి. బరువును బట్టి వెనక బ్రేకు తగ్గించే వాల్వు ఉన్న బళ్ళలో ఇరుసు వేలాడుతుంటే వాల్వు దారి మూస్తుంది, గాలి పోదు. అవి చక్రాల మీద నిలబడి ఉండగానే బ్లీడ్ చేయాలి. ఏబీఎస్ ఉన్న బండికి స్కానర్ ఉన్న చోటికే వెళ్ళండి.

అయ్యాక ప్రతి జాయింటూ తుడిచి పొడిగా చేసి, ఒకరు పెడల్ బలంగా నిమిషం పాటు తొక్కి ఉంచితే ఇంకొకరు ప్రతి నట్టు చుట్టూ న్యూస్‌పేపరు ముక్క ఒత్తి చూడాలి. కాగితం మీద చుక్క కనబడినా మూతి సరిగ్గా కూర్చోలేదన్నమాట. ఖాళీ మైదానంలో 20 కిలోమీటర్ల వేగంతో రెండు మూడు బ్రేకులు కొట్టాక రోడ్డెక్కండి, వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి ఆ కాగితం పని చేయండి. చుట్టలో మిగిలిన పైపు కొసలకు టేపు చుట్టి పెట్టుకుంటే ఎప్పుడైనా చిన్న ముక్కకు పనికొస్తుంది. తెరిచిన ఆయిల్ డబ్బాను మాత్రం దాచకండి, మూత పెట్టినా అది తేమ పీలుస్తూనే ఉంటుంది.